గౌలిదొడ్డి పరిశోధనయు మన పాడి లెక్కయు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపూరు మొదలుకొని గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల పర్యంతము, ఆకాశమంటు అద్దాల మేడలు నేడు బారులు తీరి యున్నవి. 1998 నవంబరులో సైబరు టవర్సు భవనమునకు ప్రారంభోత్సవము జరిగిన నాటినుండి ఈ ప్రాంతమునకు హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు పేళ్లు స్థిరపడినవి. 2023 ఆగస్టున జరిగిన వేలములో కోకాపేట భూమి ఎకరము నూరు కోట్ల రూపాయలకు పైబడి పలికినది. ఇట్టి సీమలో గచ్చిబౌలికి చేరువను గౌలిదొడ్డి యను గ్రామము కలదు. గౌలి యనగా పాడిపశువులను కాచి బ్రదుకువాడు; దొడ్డి యనగా పశువులను కట్టు ఆవరణము. ఊరి పేరే ఆ నేలయొక్క పూర్వవృత్తిని చెప్పుచున్నది. భారత ప్రభుత్వ జీవసాంకేతిక శాఖవారు 2010లో నెలకొల్పిన జాతీయ పశు జీవసాంకేతిక పరిశోధన సంస్థ నేడు ఈ గౌలిదొడ్డియందే పనిచేయుచున్నది.

పశువుల మేతను, ఎదుగుదలను, సంతానోత్పత్తిని, వాటిని పట్టి పీడించు రోగములను శాస్త్రదృష్టితో పరిశోధించుట ఇట్టి సంస్థల పని. మన భూస్వాములలోను, పట్టణ వాసులలోను పలువురకు ఈ సంస్థ యొకటి కలదనియే తెలియదు. తెలిసినవారును అది పండితుల వ్యవహారమని యూరకుండుచున్నారు. ఈ యుపేక్ష దేశమునకు మేలు చేయదని మా యభిప్రాయము. ఆ ప్రయోగశాలలో జరుగు పని ఫలించుటకు మన కొట్టములలో జరుగవలసిన పని యొకటి యున్నది. అది జరుగనంతకాలము ఎంతటి పరిశోధనయైనను సగములో నిలిచిపోవును. ఆ పని యేమియో విన్నవించుటకే ఈ వ్యాసము.

ముందుగా ఆ సంస్థ సాధించిన యొక కార్యమును చెప్పుదుము. 2021 ఆగస్టు 13వ తేదీన "ఇండిగౌ" యను పేరుగల జన్యు చిప్పు లోకమునకు సమర్పింపబడినది. స్వదేశీ గోజాతులకొరకు మన దేశముననే రూపొందిన మొదటి చిప్పు ఇదియే. ప్రతి ప్రాణి శరీరకణములలోను జన్యు పదార్థమను పొడవైన లిపి యున్నది. ఒంగోలు ఆవునకును గిర్ ఆవునకును, ఒక ఒంగోలు ఆవునకును దాని పొరుగు ఒంగోలు ఆవునకును ఈ లిపిలో అచ్చటచ్చట ఒక్కొక్క యక్షరము మారును. అట్టి మార్పులు గల చోట్లను గుర్తులుగ నేర్పరచి, ఒక చిన్న గాజుపలకపై లక్షలకొలది గుర్తులను ఒకేసారి చదువునట్లు చేసిన సాధనమే ఈ చిప్పు. పశువు రక్తపు బొట్టునుండి గాని, వెంట్రుకల కుదుళ్లనుండి గాని జన్యు పదార్థమును తీసి దీనిపై పరీక్షింపవచ్చును.

విదేశములలో ఇట్టి చిప్పులు అంతకు ముందే కలవు. వానిలో పెద్దది సుమారు 7,77,000 గుర్తులు గలది. మన చిప్పున అంతకంటె 11,496 గుర్తులు అధికముగ నున్నవని ప్రభుత్వమువారు ప్రకటించిరి. సంఖ్యలోని ఆధిక్యముకంటె ముఖ్యమైన విషయము మరియొకటి యున్నది. గోజాతి సంపూర్ణ జన్యులిపిని శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించినప్పుడు వారు ఆధారముగ గైకొన్నది హెరిఫర్డు అను ఆంగ్లజాతి ఆవును. పాశ్చాత్య చిప్పులు ప్రధానముగ వారి పశువుల యవసరములనుబట్టి పుట్టినవి. మూపురము గలిగి, ఎండకోర్చి, చొప్ప మేసి బ్రదుకు మన పశువుల లక్షణములను వానితో కొలుచుట పరుల కొలబద్దతో మన పొలమును కొలిచినట్లుండెను. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు మొదలగు జాతుల కొరకు మనవారే మన గడ్డమీద కొలబద్ద చేయుట స్వదేశీ దీక్షకు తగిన పని. ఇందుకు మేము ఆ శాస్త్రజ్ఞులను మనఃపూర్వకముగ నభినందించుచున్నాము.

అయితే ఆ కొలబద్ద దేనిని కొలువగలదు, దేనిని కొలువజాలదు? ఒక పశువు శుద్ధమైన ఒంగోలు జాతిదా, సంకరమా యనుట చిప్పు చెప్పగలదు. మేలుజాతిని కాపాడుకొనుటకు ఇది మిక్కిలి యుపకరించును. కాని ఆ యావు ఎన్ని సేర్ల పాలిచ్చును, దాని పెయ్య ఎంత వడిగ నెదుగును, ఎన్నవ నెలలో చూడి కట్టును అనునవి ఆ చిప్పు తనంతట చెప్పజాలదు. ఏ గుర్తు గల ఆవులు అధికముగ పాలిచ్చినవో, ఏ గుర్తు గలవి త్వరగ ఈనినవో, వేలకొలది పశువుల విషయమున ఏండ్ల తరబడి వ్రాసియుంచిన లెక్క యొకటి యుండవలెను. ఆ లెక్కను ఈ గుర్తులతో సరిపోల్చినప్పుడే ఏ గుర్తునకు ఏ విలువయో తేలును. ఆ తరువాతనే దూడ పుట్టిననాడే దాని భవిష్యత్తును అంచనా కట్టుట సాధ్యమగును. ఆ లెక్కలేని చిప్పు అర్థము తెలియని భాషలో నున్న గ్రంథమువంటిది.

పాశ్చాత్యులు ఈ విద్యలో ముందంజ వేసినది ఏలనో చూతము. 1895లో డెన్మార్కు దేశమున రైతులు ఒక సంఘముగ నేర్పడి, ఒక ఉద్యోగిని జీతమిచ్చి పెట్టుకొని, తమ యావుల పాలను తూచి, వెన్న పరీక్షించి వ్రాయించుట కారంభించిరి. ఆ పద్ధతి యూరపున వ్యాపించి తరువాత పదేండ్లలో అమెరికాకు చేరెను. శతాబ్దమునకు మించి ఇట్లు వ్రాసిన లెక్కలు వారియొద్ద పోగుపడియున్నవి. అంతకుముందు ఒక ఆబోతు మంచిదా కాదా యని తేల్చుటకు దాని కుమార్తెలు పెరిగి, ఈని, పాలిచ్చు పర్యంతము అయిదారేండ్లు వేచియుండవలసి వచ్చెడిది. 2009 జనవరినుండి అమెరికా ప్రభుత్వమువారు జన్యు గుర్తులనుబట్టియే హోల్‌స్టీన్ దూడల యోగ్యతను ప్రకటింప గలిగిరి. ఆ శీఘ్రతకు కారణము యంత్రము మాత్రమే యని తలచుట పొరపాటు. ఆ యంత్రము వెనుక నాలుగు తరముల రైతుల చేవ్రాత యున్నది.

ఇంక మన కథ. ఒంగోలు జాతి పశువు ఆంధ్రుల సొత్తు. కృష్ణకు దక్షిణమున గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు పారు నేలలలో మన పెద్దలు తరతరములుగ కండ్లతో చూచి, చేతితో తడవి, నడక పరీక్షించి యేర్చి కూర్చిన జాతి యది. ఆ సీమ నాడు నెల్లూరు జిల్లాలోనిదగుటచే, బ్రెజిలు దేశమునకు పోయిన ఈ పశువులకు నెలోరే యను పేరు వచ్చెను. అచ్చటివారు 1938నుండి జేబూ జాతులకు వంశావళి పట్టికలను సర్కారువారి యంగీకారముతో వ్రాయుచున్నారు. 1960 దశకారంభమున మన ప్రాంతమునుండి కొనిపోయిన మేలిరకపు ఆబోతులలో ఒంగోలు సమీపమునందలి కరవది గ్రామము పేరు ధరించినది యొకటి. దాని సంతతి అచ్చటి గ్రంథములలో నేటికిని లెక్కకు వచ్చుచున్నది. నేడు బ్రెజిలు మాంసపు పశువులలో అధికభాగమున ప్రవహించునది ఈ రక్తమే. 2023లో వియాటినా-19 అను నెలోరే ఆవు నలువది లక్షల డాలర్లకు పైబడిన విలువ కట్టబడి లోకమున రికార్డుకెక్కినది.

వారు మాంసమునకు పెంచిరి. మనము సేద్యమునకును పాలకును పెంచితిమి. ఆ భేదమును మేము మరువలేదు. వారి యాశయము మన యాశయము కానక్కరలేదు. కాని ఒక్క విషయమున వారినుండి నేర్వవలసినది కలదు. మన ఆబోతు మన యూరిలో నున్నంతకాలము దాని కీర్తి నలుగురి నోట నిలిచెను. ఆ నలుగురును గతించగనే యదియు గతించెను. సముద్రము దాటిన యాబోతు కీర్తి కాగితముపై నిలిచి, ధనమై, జాతియై వృద్ధి పొందెను. మనకు పశువును చూచు కన్ను లేకపోలేదు. వ్రాయు నలవాటు లేదు. ఈ లోటు మన చేతులలోనిది. దీనిని తీర్చుటకు పరుల యనుజ్ఞ యవసరము లేదు.

వ్రాత యొక్క ప్రయోజనము జాతి నిర్ణయముతో ముగియదు. మేత, ఎదుగుదల, ఈత అను మూడును ఒకదానినొకటి పట్టుకొని నడచునవి. మన రైతులు పెయ్యకు వయస్సు వచ్చినను ఎదకు రాలేదని దిగులుపడుదురు. పెయ్య ఎదకు వచ్చుట ప్రధానముగ శరీరపు బరువునుబట్టి యుండును. ఆ జాతి పెద్ద యావు బరువులో సగమునకు మించి ఇంచుమించు మూడు పాళ్లకు రెండు పాళ్లు కావచ్చునప్పుడు గాని పెయ్య సరిగ నెదకు రాదు. పుట్టిన గంటలోపుగ ముర్రుపాలు కడుపునిండ త్రాగక, పిమ్మట ఎండుగడ్డితో నెట్టుకొని వచ్చిన పెయ్య రెండేండ్లలో చేరవలసిన బరువునకు నాలుగేండ్లకు చేరును. ఆ రెండేండ్ల మేతయు, రెండేండ్ల పాడియు యజమానికి నష్టము.

తూనికయంత్రము లేకున్నను బరువు కట్టుటకు సులభమైన లెక్క కలదు. ముందుకాళ్ల వెనుకగ ఛాతీ చుట్టుకొలతను, భుజపు మొననుండి పిరుదు ఎముక వరకు పొడవును అంగుళములలో కొలువవలెను. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదానిని పొడవుచే గుణించి, 660చే భాగించిన కిలోగ్రాములలో బరువు ఉజ్జాయింపుగ తేలును. చుట్టుకొలత 60 అంగుళములు, పొడవు 50 అంగుళములు గల పశువు సుమారు 273 కిలోలు తూగును. నెలకొకసారి ఈ లెక్క వ్రాసికొన్నచో పెయ్య ఎదుగుచున్నదో, ఆగిపోయినదో యేడాది గడువక ముందే తెలియును.

మేత విషయమున మన ప్రధాన బలము వరిగడ్డియు జొన్నచొప్పయు. ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. కాని ఆవు, గేదెలకు ప్రకృతి ప్రసాదించిన వరమొకటి కలదు. వాని పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసించుచు, మనకు జీర్ణము కాని పీచును పులియబెట్టి ఆహారముగ మార్చును. నత్రజని దొరికినచో దానినుండి మాంసకృత్తులను తామే నిర్మించును. పశువును మేపుట యనగా మొదట ఈ సూక్ష్మజీవులను మేపుటయే. ఈ సూత్రముపైననే శాస్త్రజ్ఞులు గడ్డిని యూరియాతో మాగవేయు పద్ధతిని కనుగొనిరి. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నలువది, ఏబది లీటర్ల నీటిలో బాగుగ కరిగించి, పొరలుపొరలుగ చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ మూడు వారములు కప్పియుంచి, పిమ్మట కొంతసేపు ఆరబెట్టి మేపవలెను. నెమరు రాని లేతదూడలకు దీనిని పెట్టరాదు. యూరియాను విడిగ మేపినచో విషమగునని మరువరాదు. దీనికి తోడు పిల్లిపెసర, జనుము వంటి పచ్చిమేతయు, లవణ మిశ్రమమును, కొద్దిపాటి తెలగపిండియు తవుడును చేరినచో మన యింటి పశువే కొత్త పశువగును.

ఈత విషయమున అజాగ్రత్త మరింత ఖరీదైనది. ఆవుగాని గేదెగాని ఇంచుమించు ఇరువదియొక్క దినములకొకసారి ఎదకు వచ్చును. ఒక ఎద కంటబడక పోయినచో మూడు వారముల మేత వ్యర్థము. వేసవిలో గేదెలు అరవక, లక్షణములు పైకి చూపక మూగయెదలో నుండుట సర్వసాధారణము. క్రిందటి తేదీ వ్రాసికొన్నవాడు మాత్రమే దానిని కనిపెట్టగలడు. 1939లో మైసూరు రాజప్రాసాదపు డెయిరీలో సంపత్కుమారన్ గారు కృత్రిమ గర్భోత్పత్తిని మన దేశమున తొలిసారి జరిపిరి. నేడు ఆ సౌకర్యము గ్రామగ్రామమునకు వచ్చినది. ఉదయము ఎద కనబడిన సాయంకాలమునకు, సాయంకాలము కనబడిన మరునాటి యుదయమునకు చేయింపవలెనను నియమము పాటింపకున్న ఎంతటి మేలుజాతి వీర్యమైనను వమ్మగును. పదేండ్లలో పదమూడు నెలలకొక ఈత చొప్పున ఈను ఆవు తొమ్మిది ఈతలు ఈనును. పదునెనిమిది నెలలకొకటి చొప్పున ఈనునది ఆరు మాత్రమే పూర్తిచేయును. ఈ మూడు ఈతల భేదము కొట్టమున ఎవ్వరికిని కానరాదు; పుస్తకమున మాత్రమే కానవచ్చును.

చూడి పశువు ఆరవ నెల దాటిన పిమ్మట ఈచుకొనిపోవుటకు బ్రూసెల్లా యను సూక్ష్మజీవి యొక ముఖ్య కారణము. ఇది మనుష్యులకును సోకి దీర్ఘజ్వరమును కలిగించును. గౌలిదొడ్డి సంస్థలో పరిశోధన జరుగుచున్న రోగములలో ఇదియు నొకటి. నాలుగు నెలలు నిండి ఎనిమిది నెలలు దాటని పెయ్యలకు టీకా వేయు జాతీయ పథకము 2019లో ఆరంభమైనది. ఏ పెయ్య యే తేదీన పుట్టినదో తెలియనివానికి ఈ గడువు తెలియుట యెట్లు?

మనము ఎంత పాలుత్పత్తి చేయుచున్నామో చెప్పి గర్వపడుట పరిపాటి యైనది. 2023-24 సంవత్సరమున మన దేశపు పాల యుత్పత్తి 23 కోట్ల 93 లక్షల టన్నులని సర్కారు లెక్క. ప్రపంచమున ప్రథమస్థానము మనదే. కాని 2019 పశుగణనలో తేలిన ఆవులు, ఎద్దులు 19 కోట్లకు పైచిలుకు. గేదెజాతి పదునొకండు కోట్లకు దగ్గర. ఇంత మందకు ఈ పాలు గొప్ప గాదు. మందను పెంచుటకు నేల లేదు. హైదరాబాదు పడమటి సీమలోనే దీనికి దృష్టాంతము కలదు. తెలంగాణమున కంచ యనగా పశువుల మేతకై విడిచిన పచ్చిక నేల. కంచ గచ్చిబౌలి యను పేరుగల నాలుగువందల ఎకరముల విషయమై 2025లో పెద్ద వివాదము చెలరేగి, ఏప్రిలు 3వ తేదీన చెట్ల నరికివేతను సుప్రీముకోర్టువారు నిలిపివేసిరి. ఆ వివాదపు మంచిచెడ్డలు వేరు విషయము. ఆ పేరు మాత్రము మనకు హెచ్చరిక. మేతభూమి తరుగునప్పుడు ప్రతి పిడికెడు గడ్డియు లెక్కకు రావలెను. పది ఎకరముల సాగు గల ఆసామి అర యెకరమైనను పచ్చిమేతకు కేటాయించుట తన యింటికిని దేశమునకును చేయు సేవ.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. చదువురాని కాపునకు లెక్కవ్రాత యెట్లు వచ్చునని మొదటిది. ఆ కాపుల బిడ్డలే నేడు వేలకొలదిగ ఈ అద్దాల మేడలలో కూర్చుండి, దూరదేశపు వర్తకుల పద్దులను కంప్యూటరులపై రాత్రింబగళ్లు సరిచూచుచున్నారు. లండను బ్యాంకు లెక్క వ్రాయగల చేయి తండ్రిగారి గేదె లెక్క వ్రాయజాలదా? నెలకొక దినము ఉభయవేళల పాలు తూచి వ్రాసిన చాలును. అట్టి పది తూనికలనుండి ఒక ఈతపాలు అంచనా కట్టుట శాస్త్రసమ్మతమే. వ్రాసిన లెక్క యెవరి పాలగునో యను శంక రెండవది. ఇది త్రోసివేయదగినది కాదు. పశువుల చెవులకు పండ్రెండంకెల పసుపుబిళ్లలు వేసి సర్కారువారు వివరములు సేకరించుచున్నారు. ఇచ్చిన వివరము రైతునకు తిరిగి రావలెను. తన యావు జిల్లాలోని యావులలో నెన్నవదో, ఏ యాబోతు దానికి తగునో తెలుగున వ్రాసిన చీటి యతని చేతికి అందవలెను. రైతునుండి తీసికొనుటయే గాని యిచ్చుట లేని లెక్కకు రైతు సాయపడడు. సాయపడుమని అడుగు హక్కును ఎవరికిని లేదు.

కావున గౌలిదొడ్డి పండితులకు మా మనవి యిది. రాజేంద్రనగరమునందలి పశువైద్య విశ్వవిద్యాలయముతోను, గుంటూరు సమీపమున లాము నందలి ఒంగోలు పశుక్షేత్రముతోను, పుంగనూరు పొట్టియావులను కాపాడుచున్న పలమనేరు కేంద్రముతోను చేయికలిపి, తమ పరిశోధన ఫలితములను తెలుగున చిన్న పుస్తకములుగ ప్రకటింప వలెను. ఆంగ్లమున ముద్రింపబడిన వ్యాసము పండితులకు కీర్తి దెచ్చును. తెలుగున ముద్రింపబడిన చీటి కొట్టమునకు పాలు దెచ్చును. రెండును కావలసినవే. ప్రభుత్వములు ఊరికొక శిక్షితుడైన లెక్కగానిని, మండలమునకొక తూనికయంత్రమును ఏర్పరచుట ఖర్చుతో కూడిన పని యైనను, కోకాపేట భూమి ధరలు విన్నవారికి అది పెద్ద ఖర్చుగ తోచదు.

భూస్వాములకును పాడిగల గృహస్థులకును మా విన్నపము మరింత సూక్ష్మము. రానున్న ఉగాదినాడు పంచాంగముతోబాటు ఒక లెక్కపుస్తకమును కొనుడు. పశువునకొక పుట విడువుడు. పుట్టినతేది, తల్లిదండ్రులు, నెలనెల బరువు, ఎదకు వచ్చిన తేది, ఈనిన తేది, నెలకొకనాటి పాలు, వేసిన మేత, వచ్చిన రోగము వ్రాయుడు. అయిదేండ్లు వ్రాసినచో మీకు ఏ యావును నిలుపవలెనో, ఏ పెయ్యను పెంచవలెనో తెలియును. పది గ్రామములు వ్రాసినచో గౌలిదొడ్డి చిప్పునకు అర్థము పుట్టును. మన పశువు విలువను మనమే వ్రాసికొన్ననాడు, దానిని పరదేశపు పట్టికలలో వెదకుకొను దుఃస్థితి తెలుగువారికి తప్పును.